ముగ్గేసే పాప, ప్లాస్టిక్ ముఖం: త్రీడీ బొమ్మకి చేతిగీత లుక్ ఎలా?

గీతలబాబు (ఆదివారం, రాత్రి 11:42)

అందరికీ నమస్కారం. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో 40 సెకన్ల ఫిల్మ్ ఒకటి చేస్తున్నాను. సంక్రాంతి రోజు తెల్లవారుజామున ఎనిమిదేళ్ల పాప వాకిట్లో ముగ్గేస్తుంటుంది. అంతే కథ. బ్యాక్‌గ్రౌండ్లు కాగితం మీద వాటర్ కలర్‌తో వేసి స్కాన్ చేశాను. పాపను మాత్రం త్రీడీలో చేశాను. ఎందుకంటే 14వ సెకను దగ్గర కెమెరా పాప చుట్టూ సగం చుట్టు తిరుగుతుంది. మొదట చేత్తోనే గీద్దామని మూడు రోజులు కూర్చున్నా. ఒక్కో బొమ్మలో ముక్కు ఒక్కో చోటికి పోతోంది. దండం పెట్టి వదిలేశాను.

నాకు కావాల్సింది జపాన్ యానిమే లుక్. వచ్చింది మొబైల్ గేమ్ యాడ్ లుక్. ముఖం మీద నీడ పగిలిన పెంకులా ముక్కలు ముక్కలుగా పడుతోంది. ముక్కు పక్కన ఒక నల్ల మచ్చ, కెమెరా కదిలినప్పుడల్లా పాకుతుంది. పాప చెయ్యి కదిపితే నీళ్లలో కదిపినట్టుంది. రంగులు కూడా వెలిసిపోయినట్టున్నాయి. ఫైలూ, టెస్ట్ రెండరూ పెట్టాను. తిట్టినా పర్లేదు, ఎక్కడ తప్పో చెప్పండి.

చిట్టిరెండర్ (ఆదివారం, రాత్రి 11:58)

చూశా బ్రో. పాప ముద్దుగా ఉంది. కానీ నవ్వినప్పుడు భయమేసింది. అర్ధరాత్రి చూడకుండా ఉండాల్సింది.

నార్మల్_నరేష్ (సోమవారం, ఉదయం 7:15)

గేముల్లో ఇదే పని నాది, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా.

ముందు రంగుల సంగతి, అది అర నిమిషం పని. రెండర్ ప్రాపర్టీస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ కింద వ్యూ ట్రాన్స్‌ఫామ్ అని ఉంటుంది. దాన్ని స్టాండర్డ్ చెయ్. బ్లెండర్ 4.0 నుంచి అక్కడ డిఫాల్ట్‌గా ఏజీఎక్స్ వస్తోంది, అంతకుముందు ఫిల్మిక్ ఉండేది. ఫొటోలాంటి వెలుగు కావాలంటే అవి బంగారం. నువ్వు ఏరి కోరి పెట్టుకున్న పరికిణీ ఎరుపుని మాత్రం నాలుగు ఉతుకులు ఉతికేస్తాయి.

ఇక ముఖం. మోడల్ మీద ప్రతి బిందువుకీ అది ఎటు చూస్తోందో చెప్పే ఒక దిక్కు ఉంటుంది, దాన్నే నార్మల్ అంటాం. ఆ దిక్కుకీ వెలుగు వచ్చే దిక్కుకీ మధ్య కోణాన్ని బట్టి కంప్యూటర్ ఒక అంకె తీస్తుంది. మామూలు త్రీడీలో ఆ అంకె మెల్లమెల్లగా తగ్గుతుంది, అందుకే బుగ్గ గుండ్రంగా కనిపిస్తుంది. నీకు కావాల్సిన చేతిగీత కార్టూన్ లుక్‌లో (సెల్ లుక్ అంటాం) ఆ అంకె ఒక హద్దు దాటితే వెలుగు, దాటకపోతే నీడ. మధ్యలో బేరాల్లేవు. దాంతో మామూలుగా కంటికి ఆనని చిన్న చిన్న ఎత్తుపల్లాలన్నీ ఒక్కసారిగా బయటపడిపోతాయి. నీ పెంకు ముక్కలు అవే. నువ్వేమో వాటిని దాచడానికి ఆ హద్దు పెట్టే కలర్ ర్యాంప్‌ని ఈజ్‌లో, అంటే వెలుగూ నీడా మెల్లగా కలిసేలా పెట్టావు. అందుకే అంచులు మసకబారి ప్లాస్టిక్‌లా అయ్యింది. కాన్‌స్టంట్ పెట్టు, మచ్చలన్నీ కనబడనీ. అసలు మందు నార్మల్స్‌లో ఉంది.

నున్నటి డమ్మీ తల ఒకటి చెయ్. ముక్కు, కళ్లు ఏమీ వద్దు, కోడిగుడ్డులా ఉంటే చాలు. డేటా ట్రాన్స్‌ఫర్ మాడిఫయర్‌తో దాని నార్మల్స్‌ని పాప ముఖానికి ఎక్కించు. ఆకారం పాపదే ఉంటుంది, నీడ మాత్రం గుడ్డు మీద పడ్డట్టు పడుతుంది.

ఈ దారిలో నాకు గురువు గిల్టీ గేర్ ఎక్సర్డ్ అనే ఫైటింగ్ గేమ్. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్లు 2014లో అన్‌రియల్ ఇంజిన్ 3 మీద చేశారు. మొదటిసారి చూసినప్పుడు అది త్రీడీ అని నేను నమ్మలేదు, కెమెరా పక్కకి తిరిగాక నోరు తెరిచా. వాళ్ల ఆర్టిస్ట్ జున్యా మోటోమురా 2015లో జీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో మొత్తం విప్పి చెప్పారు. నార్మల్స్‌ని చేత్తో సరిచేశారు, ఎక్కడ నీడ తొందరగా పడాలో వెర్టెక్స్ కలర్‌లో, అంటే మోడల్ బిందువులకిచ్చే రంగులో రాసిపెట్టారు. ఇంకా గమ్మత్తు ఏంటంటే ఒక్కో పాత్రకి సొంత లైటు ఉంటుంది. స్టేజీలో సూర్యుడు ఎటున్నా వాళ్లకి అనవసరం, ఆ పోజుకి ముఖం ఎటు నుంచి బాగుంటే అటు నుంచి వెలుగు.

గీతలబాబు (మంగళవారం, రాత్రి 9:20)

నరేష్ అన్నా, నీకు పుణ్యముంటుంది. రంగులు ఒక్క క్లిక్‌తో తిరిగొచ్చాయి. నెల రోజుల నుంచి ఆ ఎరుపు కోసం షేడర్లు మారుస్తూ చచ్చాను. గుడ్డు తల పెట్టాక ముఖం నున్నగా వచ్చింది. కానీ ఇప్పుడు మరీ గుడ్డులాగే ఉంది, ముక్కు నీడ పూర్తిగా పోయింది. యానిమేలో ముక్కు పక్కన చిన్న త్రికోణం వేస్తారు కదా, అదెలా?

నార్మల్_నరేష్ (మంగళవారం, రాత్రి 10:05)

రెండు దారులు. గెన్‌షిన్ ఇంపాక్ట్ లాంటి గేముల్లో ముఖం నీడని లెక్కతో వెయ్యరు. లైటు ఎదురుగా ఉంటే ఇలా, కాస్త పక్కకి వస్తే ఇలా, పూర్తిగా పక్కన ఉంటే ఇలా అని ఆర్టిస్టే నీడ ఆకారాలు గీస్తాడు. వాటన్నిటినీ కలిపి ఒకే బూడిద రంగు బొమ్మగా చేస్తారు. లైటు కోణం మారుతుంటే ఆ బొమ్మలోని హద్దు జరుగుతుంది. అంటే నీడ ఎటు తిరిగినా మనిషి గీసిన ఆకారంలోనే ఉంటుంది.

నీకు అంత అక్కర్లేదు. నీ ఫిల్మ్‌లో సూర్యుడు కదలడు. ఆ త్రికోణాన్ని టెక్స్చర్‌లో, అంటే మోడల్ మీద అతికే బొమ్మలో గీసెయ్, కెమెరా అటు తిరిగే లోపు మెల్లగా ఆర్పెయ్. ఎవడడుగుతాడు?

లైట్‌బాక్స్ (మంగళవారం, రాత్రి 11:30)

కదలిక గురించి ఎవరూ మాట్లాడలేదని నేను వస్తున్నా. టెస్ట్ రెండర్ ఒక్కో ఫ్రేమ్ ఆపి చూశాను. బాబూ, నీ పాప సెకనుకి 24 సార్లు కదులుతోంది. చెయ్యి పైకి లేస్తుంది, కిందకి దిగుతుంది, ఎక్కడా ఆగదు. నీళ్లలో ఉన్నట్టుందని నువ్వన్నది అదే.

ఇరవై ఏళ్ల కింద హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఇన్‌బిట్వీనింగ్, అంటే రెండు ముఖ్యమైన పోజుల మధ్య బొమ్మలు గీసే పని చేసేదాన్ని. కాగితాలు కదలకుండా పట్టే పెగ్ బార్, కింద లైటు వెలిగే గాజు బల్ల, పక్కన ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములో రాసే ఎక్స్‌పోజర్ షీటు. కాగితానికి ఇంత అని కట్టేవాళ్లు. గీత కాస్త వణికితే ఆ కాగితానికి డబ్బుల్లేవు, వణికిందో లేదో చెప్పేది వాళ్లే. మూడు నెలల డబ్బులు ఇప్పటికీ రాలేదు, అది వేరే కథ. అక్కడ నేర్చుకున్నది ఒకటే. ఒక బొమ్మని ఎన్ని ఫ్రేములు పట్టి ఉంచాలో తెలిస్తేనే కదలికకి బరువు వస్తుంది. రెండేసి ఫ్రేములు పట్టి ఉంచితే సెకనుకి 12 బొమ్మలు, మూడేసి పడితే 8. జపాన్ టీవీ యానిమే ఎక్కువగా మూడేసి మీదే నడుస్తుంది. అది పొదుపు కోసం మొదలైనా ఇన్నేళ్లలో వాళ్ల లయే అదైపోయింది.

నువ్వు చెయ్యాల్సింది: గ్రాఫ్ ఎడిటర్‌లో కీలన్నీ (నువ్వు పెట్టిన పోజులు) ఎంచుకుని ఇంటర్‌పొలేషన్ కాన్‌స్టంట్ చెయ్యి, అప్పుడు మధ్య కదలిక కంప్యూటర్ నింపదు. పాప గంతులేస్తూ బొమ్మలా కొట్టుకుంటుంది, కంగారుపడకు. ఇప్పుడు ఒక్కో పోజూ నువ్వు పెట్టాలి. చెయ్యి ముగ్గు పిండి గిన్నెలోకి పోయేటప్పుడు రెండు పోజులు చాలు, పిండి తీసి వేళ్లు బిగించిన పోజు మాత్రం ఆరు ఫ్రేములు నిలబెట్టు. ముగ్గేసే వాళ్లు పిండి తీశాక ఒక్క క్షణం ఆగుతారు, చుక్క ఎక్కడుందో చూస్తారు. మీ అమ్మని గమనించు.

చిట్టిరెండర్ (మంగళవారం, రాత్రి 11:41)

స్టెప్‌డ్ ఇంటర్‌పొలేషన్ మాడిఫయర్ పెడితే ఒక్క దెబ్బకి మూడేసి ఫ్రేములు అయిపోతుంది కదా అక్కా? ఇంత కష్టం ఎందుకు?

లైట్‌బాక్స్ (మంగళవారం, రాత్రి 11:52)

అయిపోతుంది. నెట్ స్లోగా ఉండి వీడియో ఆగి ఆగి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మెత్తగా సాగే కదలికలోంచి ప్రతి మూడో ఫ్రేమ్ ఏరుకుంటే దొరికేవన్నీ మధ్యలో బొమ్మలే, ఒక్కటీ పోజు కాదు. ఇందాక నరేష్ చెప్పిన గేమ్‌లో ప్రతి ఫ్రేమ్ పోజూ చేత్తో పెట్టిందే. జుట్టు, బట్టలు కూడా సిమ్యులేషన్‌కి వదల్లేదు. కెమెరా వైపు గుద్దితే పిడికిలిని నిజంగానే పెద్దది చేసేవాళ్లు. కంప్యూటర్‌ని చేసుకోనివ్వకుండా ఎన్ని పనులు లాక్కున్నారో చూడండి.

పాతచందమామ (బుధవారం, ఉదయం 6:10)

నాయనా, ఇంత తిప్పలు పడి చేతిగీతలా కనిపించేలా చేసేకంటే చేత్తోనే గీస్తే పోదా? జపాన్ వాళ్లతో కలిసి 1992లో చేసిన రామాయణం యానిమేషన్ 2025 జనవరిలో మళ్లీ థియేటర్లకి వచ్చింది, తెలుగులో కూడా. మనవడితో వెళ్లాను. యూగో సాకో, మన రామ్ మోహన్ గారు, కోయిచి ససాకి కలిసి చేసిన పని. ఒక్క ఫ్రేములో కూడా ఆ ప్లాస్టిక్ మెరుపు లేదు. త్రీడీ అనేది డబ్బు మిగుల్చుకోవడానికి వచ్చిన విద్య. చేతిపని వాళ్ల పొట్ట కొట్టింది. లైట్‌బాక్స్ అమ్మాయి చెప్పిన కథే సాక్ష్యం.

లైట్‌బాక్స్ (బుధవారం, ఉదయం 8:02)

నా పొట్ట కొట్టింది త్రీడీ కాదండీ, మనుషులే. త్రీడీ నేర్చుకున్నాకే నాకు నెల జీతం వచ్చింది.

చిట్టిరెండర్ (బుధవారం, ఉదయం 8:30)

పెద్దాయన మాటలో కొంత నిజం ఉంది. 2016లో త్రీడీలో చేసిన బెర్సెర్క్ సిరీస్ చూసినవాళ్లకి ఆ బాధ తెలుసు. అంత చిక్కటి గీతల మాంగా (జపాన్ కామిక్), తెర మీద మాత్రం కవచాలు రేకు డబ్బాల్లా ఊగుతుంటాయి. చేతిగీతకి పేరున్న జిబ్లీ స్టూడియో వాళ్లే 2020లో త్రీడీలో ఇయర్‌విగ్ చేసినప్పుడు జనం పెదవి విరిచారు.

నగోయా_నుంచి (బుధవారం, మధ్యాహ్నం 1:15)

ఇక్కడ లంచ్ టైమ్‌లో రాస్తున్నా. చేతిగీత, కంప్యూటర్ అని రెండు శత్రు శిబిరాలు ఎప్పుడూ లేవు పాతచందమామ గారూ. 1983 నాటి గోల్గో 13 సినిమాలోనే కంప్యూటర్‌తో చేసిన హెలికాప్టర్లు ఉన్నాయి. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది, అప్పుడు అదో సాహసం. 1997లో ప్రిన్సెస్ మోనోనోకే కోసం జిబ్లీ వాళ్లు సాఫ్టిమేజ్ కంపెనీతో కలిసి త్రీడీకి కార్టూన్ రంగులిచ్చే టూన్ షేడర్ వాడారు. త్రీడీలో చేసింది సెల్ (పారదర్శక షీటు) మీద గీసిన దాని పక్కన కలిసిపోవాలని. ఆ సినిమా డైరెక్టర్ మియాజాకే 2008లో పోన్యో మొత్తం మళ్లీ చేత్తో గీయించారు. ఆయన సినిమాకి ఏది అవసరమైతే అది.

1998 నాటి కార్ రేసుల సిరీస్ ఇనిషియల్ డి సంగతి వేరు. మనుషులు చేతిగీత, కార్లు త్రీడీ. కలవలేదు, ఎవరైనా చెప్తారు. కానీ కొండ మలుపుల్లో కార్లు అలా జారడం చేత్తో ఎవరు గీస్తారు? జనం అతుకు చూసీ చూడనట్టు వదిలేశారు.

నాకు నచ్చింది ఆరెంజ్ స్టూడియో దారి. 2017లో వాళ్లు చేసిన హోసెకి నో కుని సిరీస్‌లో పాత్రలన్నీ రత్నాలు. జుట్టే రాయి. వెలుగు దాంట్లోంచి దూరి విరిగి బయటకి రావాలి. ఇది చేత్తో గీస్తే రాదు, త్రీడీకే సాధ్యం. కథే త్రీడీని అడిగింది. ముఖాలు మాత్రం చేతిగీత పద్ధతిలోనే ఉంటాయి. పొదుపు కోసం కాక అవసరం కోసం త్రీడీ వాడితే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

2022 డిసెంబర్‌లో ది ఫస్ట్ స్లామ్ డంక్ అనే బాస్కెట్‌బాల్ సినిమా ఇక్కడ థియేటర్లో చూశాను. మొదట్లో పెన్సిల్ గీతలు ఒక్కొక్కటిగా ఆటగాళ్లుగా మారి మనవైపు నడిచొస్తాయి. హాల్లో ఒక్కరూ ఊపిరి తీయలేదు. ఆ తర్వాత మ్యాచ్. మనుషుల కదలికల్ని రికార్డు చేసే మోషన్ క్యాప్చర్‌తో తీసిన ఆట, పైన చేతిగీతల మెరుగు. మాంగా గీసిన తకెహికో ఇనోవే గారే డైరెక్టర్, ముఖాల మీద గీతలు ఆయనే దగ్గరుండి దిద్దించారు. బంతి కోసం పది మంది ఒకేసారి కదులుతున్నా ఎవరి బరువు వాళ్లకి ఉంది. సెకండ్ హాఫ్‌కి నేను త్రీడీ సంగతే మర్చిపోయాను.

పాతచందమామ (బుధవారం, సాయంత్రం 5:40)

స్లామ్ డంక్ మనవడు చూపిస్తానంటున్నాడు. చూశాక మాట్లాడతా. రామాయణం మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మోడరేటర్ (బుధవారం, సాయంత్రం 6:00)

టూడీ వర్సెస్ త్రీడీ మీద వేరే థ్రెడ్ ఉంది, 300 పోస్టులు దాటింది. అక్కడికి వెళ్లి కొట్టుకోండి. ఇక్కడ బాబు పాపని గట్టెక్కిద్దాం.

గీతలబాబు (శుక్రవారం, రాత్రి 10:48)

అక్కా, పోజులు ఒక్కొక్కటీ పెట్టాను. మీరు చెప్పినట్టు మా అమ్మని ముగ్గేస్తుంటే ఫోన్లో తీశాను. పిండి తీశాక నిజంగానే ఆగుతోంది, ఆ ఆగడంలో బొటనవేలు ఒకసారి చూపుడువేలి మీద రుద్దుతోంది. అదీ పెట్టాను. ఇప్పుడు పాప బతికొచ్చింది.

కానీ కెమెరా తిరిగే షాట్ ఇంకా పాడుగా ఉంది. 336వ ఫ్రేమ్ నుంచి పాప మూడేసి ఫ్రేములకొకసారి కదులుతుంటే కెమెరా మాత్రం మెత్తగా తిరుగుతోంది. బొమ్మల కొలువులో పెట్టిన బొమ్మని పీటతో సహా తిప్పినట్టుంది. ఇంకా, గీతలు. సాలిడిఫై మాడిఫయర్‌తో అవుట్‌లైన్ పెట్టాను. దగ్గరికొస్తే తాడులా లావు, దూరం పోతే పాప మొత్తం నల్ల ముద్ద.

లైట్‌బాక్స్ (శుక్రవారం, రాత్రి 11:10)

బొమ్మల కొలువు అని నువ్వే చెప్పేశావుగా. నిలబెట్టిన పోజుని కెమెరా ప్రతి ఫ్రేమూ కొత్త వైపు నుంచి చూపిస్తోంది. చేత్తో గీసేవాడికి అది కుదరదు. బొమ్మ ఆగితే చూసే కోణం కూడా ఆగాలి, ఎందుకంటే రెండూ ఒకే కాగితం మీద ఉంటాయి. అందుకే మన కన్ను ఇది విగ్రహం అని పట్టేస్తుంది. ఆ షాట్ వరకు కెమెరాని కూడా రెండేసి ఫ్రేముల మీద పెట్టు, పాపనీ రెండేసికి మార్చు. ఇద్దరూ ఒకే లెక్క మీద నడవాలి. జపాన్‌లో బ్యాక్‌గ్రౌండ్ కూడా తిరిగే షాట్లని హైదో అంటారు. వాటిల్లో వాకిలి, గోడ, చెట్టు అన్నీ బొమ్మతో పాటు మళ్లీ మళ్లీ గీస్తారు. అందుకే అన్నీ కలిసి గంతేస్తాయి.

నార్మల్_నరేష్ (శుక్రవారం, రాత్రి 11:35)

అక్క చెప్పింది చేస్తే ఇంకో సమస్య వస్తుంది, ముందే చెప్తున్నా. నీ బ్యాక్‌గ్రౌండ్ ఒక స్కాన్ చేసిన కాగితం. కెమెరా పక్కకి పోగానే అది అట్టముక్క అని తెలిసిపోతుంది. అరుగు, గోడ, గుమ్మం వరకు మామూలు డబ్బాలు కట్టి, వాటి మీద నీ వాటర్ కలర్‌ని కెమెరా వైపు నుంచి ప్రొజెక్ట్ చెయ్. సగం చుట్టు కాబట్టి రెండు పెయింటింగ్‌లు కావాలి, మధ్యలో కలుపుకోవాలి. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ సినిమాలో చూశావుగా, కోటంతా త్రీడీ, దాంట్లో పడిపోయేవాళ్లు చేతిగీత. లోకమంతా అలా కడితే నువ్వు తిరగేసి పాపని త్రీడీ, లోకాన్ని కాగితం చేశావు. అందుకే కష్టం.

గీతలకి వద్దాం. సాలిడిఫైతో వచ్చేది అసలు గీత కాదు. మోడల్‌కి ఇంకో తొక్క కప్పి, దాన్ని లోపలి వైపు తిప్పి, ముందున్న భాగం కనిపించకుండా చేస్తాం. అంచుల్లో మిగిలేదే గీత. అది త్రీడీ వస్తువు కాబట్టి దగ్గరికొస్తే లావవుతుంది. కెమెరా దూరాన్ని బట్టి థిక్‌నెస్ దానంతటదే మారేలా డ్రైవర్ (ఒక చిన్న లెక్క) పెట్టు. ఏ చోట ఎంత మందమో చెప్పే వెర్టెక్స్ గ్రూప్ ఒకటి చేసి గడ్డం కింద, జడ మొదట్లో, మోచేతి లోపల లావుగా, బుగ్గ మీద, వేళ్ల చివర్లలో దాదాపు సున్నాకి తగ్గించు. బాపు గారి గీత చూడు, ఒకే గీత మొదట్లో లావుగా మొదలై సన్నబడి మాయమవుతుంది. ఒకే మందంలో పోయే గీత మనిషిది కాదని ఎవరికైనా తెలిసిపోతుంది.

నగోయా_నుంచి (శనివారం, ఉదయం 9:05)

నలుపు కూడా మానెయ్. ఇక్కడ దాన్ని ఇరో-ట్రేస్ అంటారు, రంగు గీత అని. ముఖం గీత ముదురు గోధుమ, పరికిణీ గీత ముదురు కుంకుమ. తెల్లవారుజాము వెలుగులో నల్ల గీత కాటుక కారినట్టుంటుంది.

బట్టల మడతల్లాంటి లోపలి గీతలు టెక్స్చర్‌లో వేస్తే దగ్గరికి వెళ్లగానే మెట్లు మెట్లుగా పగులుతాయి. దానికీ మోటోమురా గారి చిట్కా ఉంది. యూవీలో, అంటే మోడల్ తొక్కని బల్లపరుపుగా పరిచిన పటంలో, ఆ గీతలన్నీ నిలువుగానో అడ్డంగానో నిటారుగా వచ్చేలా మోడల్‌ని విప్పుతారు. నిటారు గీతకి మెట్లు ఉండవు. ఎంత దగ్గరికి పోయినా కత్తితో కోసినట్టే ఉంటుంది. యూవీ చూస్తే మాత్రం ఎవరో ఇటుకలు పేర్చినట్టు ఉంటుంది.

చిట్టిరెండర్ (శనివారం, ఉదయం 9:20)

గీతలు వేసిపెట్టే పెన్సిల్ ప్లస్ ప్లగిన్ వాడుకోవచ్చుగా? ఎవాంజెలియన్ తీసే ఖారా స్టూడియో 2019లో బ్లెండర్ వైపు వస్తున్నామని ప్రకటించింది కూడా.

నార్మల్_నరేష్ (శనివారం, ఉదయం 9:48)

వాడుకోవచ్చు. ముందు చేత్తో మందాలు పెట్టడం వస్తే అది ఇంకా బాగా వస్తుంది.

లైట్‌బాక్స్ (శనివారం, ఉదయం 10:30)

నాదో ప్రశ్న. అసలు ముగ్గు ఎలా చేశావు? ఫైల్లో అది నేల మీద ఒక టెక్స్చర్ మెల్లగా బయటపడుతున్నట్టుంది.

గీతలబాబు (శనివారం, ఉదయం 11:02)

అవునక్కా, మాస్క్‌తో రివీల్ చేశాను. దాన్నెవరూ చూడరులే అనుకున్నా.

లైట్‌బాక్స్ (శనివారం, ఉదయం 11:20)

సినిమా పేరే ముగ్గు, దాన్నెవరూ చూడరా! పాప త్రీడీ కానీ, రోబో కానీ, ముగ్గు మాత్రం నువ్వు నీ చేత్తో గీయాలి. బ్లెండర్‌లోనే చేత్తో గీసే గ్రీజ్ పెన్సిల్ తీసుకో, స్ట్రోక్ ప్లేస్‌మెంట్ సర్ఫేస్ అని పెట్టి నేల మీద గీయి. టాబ్లెట్ మీద ఒత్తిడి మార్చు. పిండి వదలగానే గీత లావుగా పడుతుంది, చెయ్యి వంపు తిరిగేటప్పుడు వేగం పెరిగి సన్నబడుతుంది, చుక్క దాటాక చివర కాస్త తెగుతుంది. తర్వాత బిల్డ్ మాడిఫయర్ పెడితే నువ్వు గీసిన వరుసలోనే గీత పుడుతుంది. దాన్ని కూడా పాప లెక్క మీదే, రెండేసి ఫ్రేములకి పెట్టు. పిండి రేణువులు నాలుగు పక్కకి పడితే తుడవకు.

గీతలబాబు (ఆదివారం, రాత్రి 1:15)

నిద్ర రావట్లేదు, చూసి చెప్పండి. ముగ్గు చేత్తో గీశాను. ఏడు చుక్కల ముగ్గు, మా అమ్మ పక్కన కూర్చుని వంకర అని మూడుసార్లు చెరిపించింది. గీతలు కుంకుమ రంగు. కెమెరా, పాప, ముగ్గు అన్నీ రెండేసి మీద. ప్రొజెక్షన్‌లో గుమ్మం దగ్గర ఒక చోట పెయింటింగ్ సాగింది, దాని ముందు ముగ్గు డబ్బా పెట్టి దాచేశాను. పాప ముఖం పక్క నుంచి కనిపించేటప్పుడు నోరు కనబడట్లేదు, దానికి ఒక షేప్ కీ (మోడల్ ఆకారాన్ని మార్చే సెట్టింగ్) చేసి నోటిని బుగ్గ మీదకి జరిపాను. ముందు నుంచి చూస్తే దెయ్యంలా ఉంది, కెమెరా నుంచి చూస్తే నవ్వుతోంది.

చిట్టిరెండర్ (ఆదివారం, రాత్రి 1:22)

ఈసారి భయమెయ్యలేదు బ్రో. రెండుసార్లు చూశా.

పాతచందమామ (ఆదివారం, ఉదయం 5:50)

ముగ్గు బాగుంది నాయనా. పాప కూడా పర్వాలేదు.

లైట్‌బాక్స్ (ఆదివారం, ఉదయం 8:15)

362వ ఫ్రేమ్ దగ్గర ఆపు. పిండి గిన్నె పాప మోకాలిలోంచి దూరి ఉంది. రెండు ఫ్రేములే, కానీ నాకు కనబడింది.

గీతలబాబు (ఆదివారం, ఉదయం 8:19)

అయ్యో అక్కా. సరే, మళ్లీ రెండర్ పెడుతున్నా.